పురుగు చచ్చే తీరు

నేను ఏం ఉద్యోగం చేశానని ఎవరైనా అడిగితే మా ఇంట్లోవాళ్లు "మందుల కంపెనీలో సైంటిస్టు" అని చెప్పి ఊరుకుంటారు. విన్నవాళ్లు జ్వరం బిళ్లలు అనుకుంటారు. అనుకోనీ. నిజానికి నేను చేసింది పురుగులను పెంచడం, పెంచినవాటిని చంపడం, అవి చస్తుంటే కూర్చుని చూడడం. నాచారంలో రేకుల షెడ్ల మధ్య రెండంతస్తుల బిల్డింగు ఒకటి ఉండేది. పై అంతస్తులో మా కీటకాల గది. పురుగుమందులు తయారుచేసే కంపెనీ అది. పేరు చెప్పను, ఇప్పుడు ఆ పేరుతో లేదు కూడా. తెలంగాణ వచ్చిన ఏడాదే నేను రిటైరయ్యాను.

ఈ మధ్య ఒక అమ్మాయి ఉప్పల్‌లో మా ఇంటికి వచ్చింది. వ్యవసాయ కోర్సు చదివి, ఇలాంటి కంపెనీలోనే చేరబోతోందట. జీతం ఎంత పెరుగుతుంది, మేనేజర్ కావడానికి ఎన్నేళ్లు పడుతుంది అని అడిగింది. "ఆ సంగతులు నాకు తెలియవమ్మా, నేనెప్పుడూ మేనేజర్ని కాలేదు" అన్నాను. పాపం, మొహం వాడిపోయింది. టీ తాగి వెళ్లిపోయింది. ఆమె అడగనివన్నీ ఇక్కడ రాస్తున్నాను. మనసుకు హాయినిచ్చే కబుర్లు కావు, ముందే చెబుతున్నాను.

నరహరి సార్ స్టూలు

నేను చేరినప్పుడు మా గదికి పెద్ద నరహరి సార్. వరంగల్ మనిషి. పొట్టిగా ఉండేవారు. ఎప్పుడూ ఏదో ఒకదాని మీద విసుక్కుంటూ ఉండేవారు. నాకు ఆ విసుగు అంటుకుంది, ఆయన తెలివి ఎంత అంటుకుందో చెప్పలేను.

పని తీరు ఇది. ఒక మందు బాగా పనిచేస్తుందా లేదా తెలియాలంటే సన్నటి సూదితో పురుగు వీపు మీద చుక్క వేస్తాం. మర్నాడు వచ్చి ఎన్ని చచ్చాయో లెక్కపెట్టి శాతం రాస్తాం. ఆఫీసుకు కావలసింది ఆ శాతమే. చేరిన కొత్తలో నేను చుక్కలు వేసేసి, చేతులు కడుక్కుని, చాయ్‌కి బయల్దేరాను. నరహరి సార్ తలుపు దగ్గర నిలబడి ఉన్నారు.

"ఎటు పోతున్నవ్?"

"చాయ్‌కి సార్. రేపు పొద్దున చూస్తం కద."

"రేపు పొద్దున శవాలుంటయ్. శవాలు లెక్కపెట్టెటందుకు నువ్వెందుకయ్యా, వాచ్‌మన్ సాలడా? కూసో!"

చెక్క స్టూలు ఒకటి నా ముందుకు తన్నారు. కూర్చున్నాను. కాసేపటికి ఆయనే వచ్చి అడిగారు.

"ఏం జేస్తున్నది పురుగు?"

"చస్తున్నది సార్."

"సస్తున్నదంట! అది నాకు తెల్వదా? వణుకుతున్నదా, కక్కుతున్నదా, మెలికలు తిరుగుతున్నదా, ఊకె పడున్నదా? కండ్లున్నయ్ గదా నీకు?"

ఆ రోజు నుంచి ఆ స్టూలు నాది. ఎన్నోసార్లు లేబుల్ లేని సీసాలు నా ముందు పెట్టి, మధ్యాహ్నానికల్లా ఏ సీసాలో ఏముందో పురుగును చూసి చెప్పమనేవారు. తప్పు చెబితే తిట్టేవారు. సరిగ్గా చెబితే ఏమీ అనేవారు కాదు. అదే మెచ్చుకోలు అనుకోవాలి. ఇంత చేసి చివరికి నేను నేర్చుకున్నది ఒక్కటే. ఎన్ని చచ్చాయన్నది అమ్ముకునేవాడికి కావాలి. ఎలా చచ్చాయన్నది మనకు కావాలి.

కదులు, ఆగు

కొంచెం పాఠం తప్పదు. ఓపిక పట్టండి.

నరం ఒకే తీగలా సాగిపోదు. ఒక నరం ముగిసి ఇంకొకటి మొదలయ్యే చోట కంటికి కనబడనంత సందు ఉంటుంది. కబురు ఆ సందు దాటాలంటే ఒక రసాయనం రూపంలో దాటాలి. అవతలి ఒడ్డున దాన్ని అందుకోవడానికి గ్రాహకాలు ఉంటాయి. కంపెనీలో అందరూ రిసెప్టర్లు అనేది వీటినే. అవి తలుపుల్లాంటివి. సరైన రసాయనం వచ్చి తగిలితే తెరుచుకుంటాయి. పురుగు నరాల్లో "కదులు" అనే కబురును ఎక్కువగా మోసేది అసిటైల్‌కోలిన్. "ఆగు" అనే కబురును మోసేది గాబా. కబురు అందాక అసిటైల్‌కోలిన్‌ను తుడిచేసే ఎంజైమ్ ఒకటి ఉంటుంది. అది లేకపోతే ఒక్కసారి పిలిచిన పిలుపు ఆగకుండా మోగుతూనే ఉంటుంది.

మోనోక్రోటోఫాస్ లాంటి పాత మందులు తలుపుల జోలికి పోవు. తుడిచే ఎంజైమ్‌ను పట్టేసుకుంటాయి. ఇంటి బయట కాలింగ్ బెల్ మీట లోపలికి ఇరుక్కుపోతే ఎలా ఉంటుందో అలా. పురుగు వణుకుతుంది, కక్కుతుంది. ఇమిడాక్లోప్రిడ్ వచ్చాక కథ మారింది. అది అసిటైల్‌కోలిన్ కూర్చునే చోట తానే కూర్చుని లేవనంటుంది. ఫిప్రోనిల్ అయితే గాబా తలుపును మూసేస్తుంది. ఇక ఆపేవాళ్లు లేరు, బ్రేకులు తెగిన లారీయే. పురుగు పొర్లి పొర్లి చస్తుంది, చూడబుద్ధి కాదు.

ఎమామెక్టిన్ జాతి మందులు దీనికి సరిగ్గా తలకిందులుగా పనిచేస్తాయి. "ఆగు" అనే తలుపులను తెరిచి పట్టుకుంటాయి, మూయనివ్వవు. పురుగు కొట్టుకోదు. ముందు తినడం మానేస్తుంది. తర్వాత కాళ్లు సడలిపోతాయి. కుంచెతో తాకితే బతికున్న పురుగు చుట్టుకోవాలి, లేదా కుంచెను కొరకాలి. ఇది మెత్తగా పక్కకు ఒరిగిపోతుంది. ఏ క్షణాన చచ్చిందో చెప్పడం కష్టం.

వేప సంగతి వీటన్నిటికీ వేరు. అది పురుగును నరాల దారిలో చంపదు. వేప తిన్న పురుగు తిండి తగ్గించి, కుబుసం విడవలేక, కొన్ని రోజులకు చస్తుంది. వేపమందు వేసిన పురుగు సాయంత్రానికల్లా కాళ్లు సడలి పడిపోయిందంటే ఆ సీసాలో వేప కాక ఇంకేదో ఉన్నట్టే.

ఇంకొక్క మాట. పురుగులో ఉన్న తలుపు అచ్చం అలాంటిదే మనిషిలో లేకపోయినా, దానికి చుట్టం లాంటిది ఉంటుంది. మనిషి మెదడు చుట్టూ కాపలా ఉంది కాబట్టి ఎమామెక్టిన్ కొద్దిగా పోతే లోపలికి చేరదు. ఎక్కువ పోతే చేరుతుంది. మనుషులకు సురక్షితం అని అట్టల మీద అచ్చువేయించేవాళ్లు మొదటి వాక్యం రాస్తారు, రెండోది రాయరు.

ముద్దుల పురుగులు

మా గదిలో పురుగులకు వండిపెట్టేది సుగుణమ్మ. నల్లగొండ జిల్లా నుంచి భర్త దేవదానంతో వచ్చి చెంగిచెర్లలో ఉండేది. దేవదానానిది మల్లాపూర్‌లో ఉన్న మా కంపెనీ ఫ్యాక్టరీలో మందు కలిపే చోట పని. ఆమె పొద్దున్నే శనగపిండి, ఈస్టు, విటమిన్ పొడులు కలిపి ఉడికించి, ట్రేల్లో పోసి ఆరబెట్టేది. గది నిండా బజ్జీల బండి దగ్గర వచ్చే వాసన. శనగపచ్చ పురుగులు ఒకదాన్నొకటి తింటాయి కాబట్టి ఒక్కోదాన్ని ఒక్కో గిన్నెలో విడిగా పెట్టాలి. కరెంటు పోయి గది వేడెక్కితే ఆమె కంపెనీ మొత్తాన్ని తిట్టేది. ఆదివారం చర్చి అయ్యాక కూడా ఒకసారి వచ్చి చూసి పోయేది.

"మా ఇంట్ల పిల్లలకు గూడ గింత సాకిరి జెయ్యలే సార్. గీ పురుగులకు జేస్తున్న" అనేది.

ఆ పురుగులు తరతరాలుగా మా గదిలోనే పుట్టాయి. మందు అన్నది ఎరుగవు. పరీక్షకు అలాంటివి కావాలి, కొలతకు ఒక ఆధారం ఉండాలి కదా. కానీ పొలంలో పురుగు వేరు. ఏళ్ల తరబడి మందు తాగి తాగి దాని నరాల్లో తలుపుల ఆకారమే మారిపోయి ఉంటుంది. మందు వచ్చి తట్టినా అది తెరవదు. అందుకే నరహరి సార్ ఏటా వరంగల్ వైపు చేలల్లోంచి పురుగులు తెప్పించి, వాటి మీద కూడా పరీక్షించేవారు.

ఆయన వెళ్లిపోయాక శ్రీధర్ మేనేజర్‌గా వచ్చాడు. వయసులో నాకన్నా చిన్న. చురుకైనవాడే, కాదనను. పొలం పురుగుల మీద మా మందు సగం కూడా పనిచేయలేదని నేను చెప్పగానే వాటి పంజరాలు కడిగి పెట్టించేశాడు.

"మన పురుగులతోనే చెయ్యుండ్రి సార్. నూటికి నూరు వస్తది. గవి బయటికెళ్లి తెచ్చుడెందుకు, తలకాయ నొప్పి ఎందుకు?"

ఇంట్లో పెంచిన ముద్దుబిడ్డను ఓడించి పహిల్వాన్‌ని అనుకోవడం ఇది. ఈ రోగం మా కంపెనీ ఒక్కదానికే ఉందని చెప్పను. మీరు చేరబోయే చోట పొలం పురుగుల పంజరం ఉందో లేదో మొదటి రోజే చూడండి. లేకపోతే అక్కడ వచ్చే శాతాలన్నీ ఉత్తవే.

అప్పుడు కంపెనీ ఒక వేప మందు అమ్మేది. సీసా మీద వేప కొమ్మ బొమ్మ. మిరప రైతులు తిట్టి వాపసు పంపేవారు, పురుగు చావట్లేదని. ఒక సీజన్‌లో ఉన్నట్టుండి అదే మందు ఒక్కరోజులో పురుగును పడేస్తోందని డీలర్ల నుంచి మెచ్చుకోళ్లు మొదలయ్యాయి. సీసా అదే, బొమ్మ అదే. నమూనా మాత్రం మా గదికి రాలేదు. నేను శ్రీధర్ గదిలోకి వెళ్లి మొహమ్మీదే అడిగాను.

"వేప ఒక్కరోజులో చంపదు శ్రీధర్. ఏం కలుపుతున్నరు?"

"నూనె శుద్ధి జేసే పద్ధతి మార్చినం సార్."

"నా ముందటనా ఈ మాట?"

వాడు నవ్వాడు. "రైతుకు పురుగు సస్తే సాలు సార్. ఎట్ల సచ్చిందని పోస్టుమార్టం జేస్తడా?"

పైవాళ్లకు చెప్పాను. వాళ్లు నాకు చల్లటి మజ్జిగ ఇప్పించి పంపారు. అంతకుముందు ఎప్పుడూ అంత మర్యాద చేయలేదు.

పైపు

మల్లాపూర్ ఫ్యాక్టరీలో డ్రమ్ముల్లోంచి మందు డబ్బాల్లోకి తీయడానికి పంపు ఉండేది. ఉండేదంటే, ఒక గదిలో తాళం వేసి ఉండేది. తనిఖీకి ఎవరైనా వస్తే బయటికి వచ్చేది. రోజూ జరిగేది వేరు. పైపు ఒక కొస డ్రమ్ములో వేసి, రెండో కొస నోట్లో పెట్టుకుని గుంజి, రుచి తగిలేలోపు తీసి డబ్బాలో పెట్టడం. అది తప్పని అక్కడ ఎవరికీ తోచేది కాదు. చిన్నప్పటినుంచి కిరోసిన్, డీజిల్ అలాగే గుంజినవాళ్లు. పైగా ఒక్క చుక్క నోట్లోకి పోకుండా గుంజేవాడికి అక్కడ మంచి పేరు. దేవదానానికి ఆ పేరు ఉండేది.

వేప నూనె చిక్కగా ఉంటుంది. గట్టిగా గుంజితే గానీ పైకి రాదు. ఆ రోజు అతనికి చూపించిన డ్రమ్ము మీద వేప నూనె అనే రాసి ఉంది. లోపల ఉన్నది మాత్రం నీళ్లంత పలచన. సంగతి తెలియక అతను ఎప్పటిలా గట్టిగా గుంజాడు. నోరు నిండి, గుటకలు పడిపోయాయి. మిగిలింది చొక్కా మీద కక్కుకున్నాడు. "వేప నూనెనే కద, కడుపుల పురుగులు సస్తయి తియ్" అని తోటివాళ్లు నవ్వారట. అతనూ నవ్వాడట. మధ్యాహ్నానికి నోట్లోంచి చొంగ, వాంతులు, కాళ్లలో బలం లేదు. ఆటోలో వేసుకుని ఉప్పల్ వైపు దవాఖానకు తీసుకెళ్లారు. అప్పుడు మెట్రో స్తంభాల కోసం రోడ్డంతా తవ్వి పెట్టారు. ఆ కాస్త దూరానికి ఎంతసేపు పట్టిందో, లోపల మనిషి ఎలా ఉన్నాడో, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇదంతా నాకు మర్నాడు పొద్దున గానీ తెలియలేదు. పురుగులకు తిండి పెట్టే వేళకు సుగుణమ్మ రాలేదు. తర్వాత వచ్చింది, చేతిలో ప్లాస్టిక్ కవరుతో. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, మా ఆయన పైపు గుంజి మందు మింగిండు. నిన్నటి సంది సూదుల మీద సూదులిస్తున్రు. తక్కువైతలేదు, ఇంకింత ఎక్కువైతున్నది. మంచం మీద ఆగుతలేడు. ఎవరెవరినో పిలుస్తుండు. నన్ను గుర్తు వడ్తలేడు. చేతులు మంచానికి కట్టేసిన్రు సార్!"

"ఏం మింగిండో డాక్టర్లకు చెప్పిన్రా?"

"మేనేజర్ సారు ఫోన్ల వేప నూనె అన్నడట. డాక్టరమ్మ ఏమో నన్నడుగుతున్నది, ఏం మందమ్మా, ఏం మందమ్మా అని. నాకేం తెల్సు? మీకెర్కుంటది. జర సూడున్రి సార్, మీ కాళ్లు మొక్కుత."

కవరు నా బల్ల మీద పెట్టింది. అందులో దేవదానం చొక్కా.

చొక్కా

కవరు విప్పగానే పైన వేప కంపు. దాని కింద పెయింట్లలో కలిపే థిన్నర్ లాంటి వాసన. వేప నూనెలో ఆ వాసన ఉండదు.

ముందు శ్రీధర్‌కి ఫోన్ చేశాను. "మనిషి ప్రాణం మీదికొచ్చింది, డ్రమ్ములో ఏముందో ఒక్క పేరు చెప్పు, నేను ఎవరికీ చెప్పను" అన్నాను. బతిమాలాను. అటునుంచి అదే మాట.

"వేప నూనె సార్. వేప నూనె మింగితే ఏమైతది? వాడు తాగి వచ్చి ఉంటడు."

పేరు చెబితే లైసెన్సు పోతుంది, జైలు. వాడి భయం వాడిది. ఫోన్ పెట్టేసి చొక్కా ముక్క కత్తిరించాను. రసాయన పరీక్షకు పనికొచ్చే యంత్రం మల్లాపూర్‌లో శ్రీధర్ తాళంచెవి కిందే ఉంది. బయటి ల్యాబుకు ఇస్తే రోజులు పడుతుంది. నా దగ్గర ఉన్నవి సుగుణమ్మ పెంచిన పురుగులే. చొక్కా ముక్కను థిన్నర్‌లో నానబెట్టి, ఆ ద్రవం చుక్కలు కొన్నిటి నోటి దగ్గర, కొన్నిటి వీపు మీద వేసి స్టూలు మీద కూర్చున్నాను. వట్టి థిన్నర్ చుక్క కొన్నిటికి, అసలైన వేప నూనె కొన్నిటికి వేరేగా వేశాను. సుగుణమ్మను దవాఖానకు పంపించేశాను.

వణకలేదు. కక్కలేదు. మెలికలు తిరగలేదు. వేప నూనె వేసినవి, థిన్నర్ వేసినవి మామూలుగా తిరుగుతున్నాయి. చొక్కా చుక్క పడినవి తిండి వదిలేశాయి. మధ్యాహ్నానికి కాళ్లు సడలిపోయాయి. కుంచెతో తాకితే మెత్తగా ఒరిగాయి. ఇక చూడనక్కర్లేదు. ఎమామెక్టిన్ జాతి మందు. నా ఉద్యోగంలో అంత కచ్చితంగా ఏదీ చెప్పలేదు, అంత ఏడుపు ఎప్పుడూ రాలేదు.

దవాఖానలో డ్యూటీ డాక్టర్ చిన్న వయసు అమ్మాయి. నిద్ర లేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి. పురుగుమందు అనగానే అట్రోపిన్ మొదలుపెట్టింది. తప్పు పట్టను. మన దగ్గర దవాఖానలన్నీ ఏళ్లుగా చూసింది మోనోక్రోటోఫాస్ లాంటి కేసులే. వాటికి అట్రోపినే ప్రాణదాత. చొంగ కారుతుంటే ఎవరైనా అదే అనుకుంటారు. కానీ అట్రోపిన్ అడ్డుకునేది అసిటైల్‌కోలిన్ తలుపును. దేవదానంలో తెరుచుకుపోయింది అది కాదు, "ఆగు" అనే తలుపు. అక్కర్లేని మందు ఒంట్లోకి పోతూనే ఉంటే మనిషికి ఒళ్లు కాలిపోతుంది, నోరు ఎండుతుంది, మతి చెదిరి కలవరిస్తాడు. ఆ కలవరింతను విషం పనే అనుకుని ఇంకొంచెం ఎక్కించారు. పాత మందు మింగినవాడి కనుపాపలు సూదిమొనంత అవుతాయి, కానీ అట్రోపిన్ పడ్డాక ఎవరివైనా పెద్దవవుతాయి, ఇక కళ్లు చూసి కనిపెట్టే దారి కూడా మూసుకుపోయింది.

"మీరెవరండీ?" అంది ఆమె.

"పురుగుల డాక్టర్ననుకో తల్లీ. అతను మింగింది వేప కాదు, పాత రకం పురుగుమందూ కాదు. అట్రోపిన్ ఆపమ్మా. కొట్టుకుంటున్నాడని మత్తుసూది ఇద్దామనుకుంటున్నావేమో, వాటిలో చాలా మటుకు పనిచేసేది కూడా గాబా మీదే. ఈ మందుకు అది తోడైతే ఊపిరి ఆగిపోతుంది."

"ఇంజెక్షన్ లోడ్ చేసి పెట్టాను" అందామె మెల్లగా. "లేబుల్ ఉందా? ల్యాబ్ రిపోర్ట్ ఏమైనా?"

"లేదు. పురుగులు ఎలా చచ్చాయో చూశాను."

పిచ్చివాణ్ని అనుకుంటుందేమో అనుకున్నాను. ఆ అమ్మాయి తన పెద్ద డాక్టరుకు ఫోన్ చేసి, వాదించి, అట్రోపిన్ ఆపించింది. లోడ్ చేసిన ఇంజెక్షన్ పక్కన పడేసింది. ఆమె మేలు నేను మరిచిపోలేను. సాయంత్రానికి దేవదానం కలవరింత తగ్గింది. కట్లు విప్పారు. సుగుణమ్మ అతని మణికట్టు మీద గాజుగుడ్డ ఒరిపిడికి లేచిన చర్మాన్ని వేళ్లతో రాస్తూ కూర్చుంది. చర్చి నుంచి అయ్యగారు వచ్చి ప్రార్థన చేశారు. నేను కూడా కళ్లు మూసుకున్నాను, మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

కానీ కట్టేసి ఉంచినప్పుడు, వెల్లకిలా పెనుగులాడుతూ వాంతి చేసుకున్నది ఊపిరితిత్తుల్లోకి పోయింది. ఆ థిన్నర్‌తో సహా. దానికి నా దగ్గర ఏ పురుగూ జవాబు చెప్పదు. కొద్ది రోజులు ఊపిరి గొట్టం మీద ఉండి దేవదానం పోయాడు.

తర్వాత

తర్వాత జరిగింది చెప్పడానికి నాకే సిగ్గు. అధికారులు వచ్చారు. ఫ్యాక్టరీలో పంపు బయట పెట్టి ఉంది. డ్రమ్ములో అసలైన వేప నూనె ఉంది, అది కూడా మంచి రకం. నమూనా లేబుల్ మీద ఉన్నట్టే ఉందని తేలింది. నేను చొక్కా సంగతి చెప్పాను, చొక్కా ఇచ్చాను. పురుగులు ఎలా పడిపోయాయో చెబుతుంటే ఒకాయన నవ్వు ఆపుకోలేకపోయాడు. "పురుగులు సాక్ష్యం చెప్పినయంటరా?" అన్నాడు. చొక్కా ఏమైందో మళ్లీ ఎవరూ చెప్పలేదు. దేవదానం తాగి ఉన్నాడని ఫ్యాక్టరీలో ఒక మాట పుట్టింది. అతను మందు ముట్టని మనిషి. వేప సీసా పేరు మారింది, బొమ్మలో వేప కొమ్మ పోయి వేప కాయ వచ్చింది. నన్ను తీసేయలేదు. కొత్త యంత్రం వచ్చింది కాబట్టి పురుగుల గది మెల్లగా మూసేద్దామన్నారు.

చేరబోయేవాళ్లకు నేను చెప్పేది ఇది. యంత్రం మంచిదే, ఏముందో పేరుతో సహా చెబుతుంది. కానీ దానికి ఏం పెట్టాలో శ్రీధర్ లాంటివాడే నిర్ణయిస్తాడు. గంగాళమంత జీతం ఇచ్చినా సరే, సీసా మీద రాసింది ఒకటి, పురుగు చచ్చే తీరు ఇంకొకటి అయితే పైకి చెప్పండి, గట్టిగా చెప్పండి. ఫలితం ఉంటుందని మాట ఇవ్వను. నేను చెప్పాను, ఫలితం చూశారు కదా.

నిద్ర

సుగుణమ్మ మళ్లీ పనికి వచ్చింది. రాక ఏం చేస్తుంది? శనగపిండి ఉడికించేది, గిన్నెలు సర్దేది, మాట మాత్రం తగ్గింది. కరెంటు పోయినా తిట్టడం మానేసింది. ఒకరోజు పని అయ్యాక నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"సార్, గా దినం మీరు పురుగులను సూసిన్రు గద. నాకు గూడ సూపియ్యున్రి."

"ఎందుకు సుగుణమ్మా? వద్దు."

"ఆయనకు ఎట్లయిందో నాకు తెల్వాలె. మస్తు తిప్పలవడ్డడు సార్. గా మందు లోపల ఎంత కాల్చిందో ఏమో. రోజు గదే కండ్ల ముందటికొస్తున్నది."

కాదనలేకపోయాను. ఎమామెక్టిన్ సీసా బజారులో ఎక్కడైనా దొరుకుతుంది, తప్పుడు పేరు లేకుండా. చుక్క వేసి స్టూలు ఆమెకు ఇచ్చాను. ఆమె తన చేత్తో పెంచిన పురుగుల ముందు వంగి కూర్చుంది. తిండి మానేయడం చూసింది. కాళ్లు సడలడం చూసింది. కుంచె అడిగి తీసుకుని తానే తాకింది.

"కొట్టుకుంటలేవు" అంది.

"కొట్టుకోవు."

"నొప్పి తెలుస్తలేదా వీటికి?"

"తెల్వదనే అనుకుంటున్న. ఈ మందు నరాలను పండవెడ్తది సుగుణమ్మా."

ఇంకో పురుగును కుంచెతో తాకి చూసింది. నేను భయపడుతున్న ప్రశ్న అప్పుడు వచ్చింది.

"మరి ఆయననెందుకు కట్టేసిన్రు?"

నాకు తెలియదు అని ఉంటే సరిపోయేది. కానీ ఆమె అడిగింది నా వృత్తి, నా జీవితమంతా నేను చూస్తూ కూర్చున్న సంగతి. చెప్పాను. కొట్టుకున్నది మింగిన మందుకు కాదని, ఏం మింగాడో తెలియక ఇచ్చిన సూదులకని, డ్రమ్ములో ఉన్నది ఇదీ అని మొదటి రోజే చెప్పి ఉంటే సూదులు ఇచ్చేవారు కాదని, ఊపిరి అందిస్తూ కూర్చుంటే బతికేవాడేమోనని. అన్నీ చెప్పాను. ఆమె కుంచెను తుడిచి, కొస సరిచేసి, దాని చోట పెట్టింది.

"మా అత్త ఊర్లె ఉంటది సార్. ముసల్ది తట్టుకోదని, నీ కొడుకు నిద్రల పోయిండత్తా అని చెప్పిన. అబద్ధం చెప్పిన్నని గిన్ని రోజుల సంది దేవుని ముంగట తలకాయ ఎత్తుతలేను."

ఒరిగిపోయిన పురుగుల వైపు మరోసారి చూసింది.

"మందు నిద్రపుచ్చుతుండె సార్. మనుషులే నిద్రపోనియ్యలే."

లోపల పొయ్యి మీద శనగపిండి అడుగంటిన వాసన వచ్చింది. ఆమె లేచి వెళ్లింది.